తాంబరము శానిటోరియము



కాశీప్రయాగలను గూర్చియు, రామేశ్వరమును గూర్చియు, కాశ్మీరదేశపు సరస్సులను గూర్చియు విదుషీమణులు పలువురు వ్రాయగా చదివి యానందించితిని. నేను వ్రాయబోవు స్థలమునకు గోపురము లేదు, తీర్థము లేదు, పోయివచ్చినవారు పోయివచ్చితిమని చెప్పుకొనుటయు లేదు. చెన్నపట్టణపు బీచి స్టేషనునుండి దక్షిణముగా పోవు విద్యుద్రైలు దారిలో, తాంబరమునకు ముందు వచ్చు చిన్న స్టేషనది. దాని పేరు తాంబరం శానిటోరియం. ఊరిపేర ఆసుపత్రి వెలయుట సర్వసామాన్యము. ఆసుపత్రిపేర స్టేషను వెలయుట నే నిదివఱ కెచ్చటను వినలేదు.

మా గూడూరునుండి చెన్నపట్టణము రమారమి 140 కిలోమీటర్లు. తెల్లవాఱుజామున బండి యెక్కినచో కచేరీలు తెఱచువేళకు సెంట్రలు స్టేషనున దిగవచ్చును. పట్టుచీరలకును, పెండ్లినగలకును, కంటివైద్యమునకును మా సీమవారు తఱచు పోవుచుందురు. నాయుడుపేట దాటినపిమ్మట దారి కిరుప్రక్కల పైరులును, సూళ్ళూరుపేట దాటినపిమ్మట పులికాటు సరస్సు మీదుగా వచ్చు ఉప్పుగాలియు, తడ దాటినంతనే ఫలకములపై మాఱిపోవు లిపియు, ఇవియే ఆ ప్రయాణపు విశేషములు. మేము పోయినది మార్గశిరమాసము. కిటికీ మూసినను చలి వదలలేదు.

నాతోడ వచ్చినది మా మేనమామ కుమార్తె, నాకు వదినె. ఆమె కాపురము నెల్లూరిలో. పేరుగాని, వీధిగాని వ్రాయను. ఈ వ్యాసము వ్రాయుదునని చెప్పి, యామె యనుమతి గైకొనియే వ్రాయుచున్నాను. "వ్రాయుము, అమ్మాయీ! కాని నన్ను నేనే గుర్తుపట్టలేనట్లు వ్రాయుము" అనెను. రెండు మూడు నెలల కొకమారు ఆమె ఒంటరిగా ఈ ప్రయాణము చేయుచుండును. ఈ పర్యాయము కాలు బెణికి నడక కష్టమైనందున నన్ను తోడు పిలిచెను. మావారు "పోయిరమ్ము" అని, మధ్యాహ్నపు భోజనము బడిపిల్లలతో కలసి బడిలోనే కానిచ్చుకొందునని చెప్పిరి.

ఇరుగుపొరుగువారు "ఎచ్చటికమ్మా?" యని యడిగినచో మా వదినె "మోకాళ్ళనొప్పులకు సిద్ధవైద్యము చేయించుకొనుచున్నాను" అని చెప్పును. అం దొక యుపాయము కలదు. శానిటోరియము ప్రక్కనే 2005వ సంవత్సరమున ప్రారంభింపబడిన జాతీయ సిద్ధవైద్య సంస్థ యున్నది. రెండు చోట్లకును స్టేషను ఒక్కటియే. తిరిగివచ్చునపు డామె యొక తైలపుసీసా కొని, సంచిలో పైకి కనబడునట్లు పెట్టుకొనును. క్రిందనుండునది హెచ్.ఐ.వి. మందు. ఆ మందే, ఆ ధరకే, అనగా ఉచితముగానే, నెల్లూరి ప్రభుత్వ వైద్యశాలలోను ఇత్తురు. అది యామె యింటికి మూడు ఫర్లాంగుల దూరము. అయినను తెలిసినవారెవరైన ఆ వరుసలో తన్ను చూతురేమో యను భయముచేత, తన్నెఱిగినవారు లేని యీ దూరపు వైద్యశాలకు ఆమె పండ్రెండేండ్లుగా వచ్చుచున్నది. ఈ వ్యాధికి ధనవ్యయ మెంతయని యెవరైన నన్నడిగినచో మందుల వెల చెప్పను. ఈ పండ్రెండేండ్ల రైలుటిక్కెట్లు లెక్కపెట్టుడని చెప్పుదును.

సెంట్రలు స్టేషనున దిగి, విద్యుద్రైలు నిమిత్తము పార్కు స్టేషనుకు పోవుటకు రోడ్డు దాటవలెను. ఆ చేరువనే మద్రాసు వైద్యకళాశాల యున్నది. జనసమ్మర్దములో ఎవరును తలయెత్తి చూడరు గాని, మన దేశమున ఈ వ్యాధిచరిత్ర ప్రారంభమైన దచ్చటనే. 1986వ సంవత్సరమునకు పూర్వము, ఇది పాశ్చాత్యదేశములవారి వ్యాధియనియు, మన ఆచారములు మనలను రక్షించుననియు పెద్దపెద్దవారే నమ్మియుండిరి. ఆ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రము బోధించుచున్న డాక్టరు సునీతీ సోలొమన్ గారు, శిష్యురాలగు సెల్లప్పన్ నిర్మలగారిచేత ఆ నమ్మకమును పరీక్ష చేయింపదలచిరి. నిర్మలగారు అప్పటికి ముప్పది రెండేండ్ల గృహిణి. సంరక్షణాలయమున నుంచబడిన వేశ్యాస్త్రీలకడనుండి రక్తపు నమూనాలు సేకరించి, తగిన వసతి లేమిచే తన యింటి ఫ్రిజ్జిలోనే దాచి, భర్తను వెంటబెట్టుకొని, రాత్రిబండిలో కాట్పాడిమీదుగా వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు కొనిపోయిరి. అం దాఱు నమూనాలలో ఈ క్రిమి జాడ కనబడెను. పిమ్మట అమెరికాలో మఱల పరీక్షించి నిజమేయని తేల్చిరి. కూరగాయలును పెరుగుగిన్నెయు నుండు అలమారులో దేశచరిత్ర కొన్నినాళ్ళు నిలువయుండెను! ఇది యిరువురు స్త్రీలు కావించిన పని. మన బాలికల వాచకములలో ఈ కథ యుండవలసినదని నా తలంపు.

సునీతిగారు 1993వ సంవత్సరమున తమ తండ్రిగారి పేర వై.ఆర్.జి. కేర్ అను సంస్థను స్థాపించి, ఇతరులు ముట్టుకొనుటకు జంకిన రోగులను చేరదీసిరి. 2015వ సంవత్సరము జులై 28వ తేదీన పరమపదించిరి. రెండేండ్లకు ప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుద మొసగిరి.

పార్కు స్టేషనునుండి శానిటోరియమునకు ఇంచుమించు ముప్పావుగంట. ఎగ్మూరు, నుంగంబాకము, ఒకప్పు డాంధ్రచలనచిత్రములన్నియు పుట్టిన కోడంబాకము, చీరలంగళ్ళ మాంబళము, విమానములు తలమీదుగా దిగు మీనంబాకము, ఇట్లు పదికి పైచిలుకు స్టేషనులు గడచినవి. స్త్రీల పెట్టెలో మల్లెలును, కనకాంబరములును అమ్మువారు, కూరగాయల గంపలవారు, ఉద్యోగినులు క్రిక్కిఱిసియుండిరి. మా వదినెకు కూర్చుండుట కొక బాలిక చోటిచ్చి నిలుచుండెను. అంతకంటె చెప్పదగినది లేదు.

శానిటోరియపు ఆవరణము విశాలమైనది. చేరువనే పచ్చమలై గుట్టలు. చెట్ల నీడలో దూరదూరముగా కట్టిన వార్డులు. గాలికి వెలుతురుకు ఎడమిచ్చి కట్టిన కట్టడము లవి. అట్లు కట్టుటకు కారణము కలదు. దీనిని 1928వ సంవత్సరమున, పండ్రెండు మంచములతో, క్షయరోగుల నిమిత్తము స్థాపించినవారు డాక్టరు చౌరి ముత్తుగారు. ఆయన ఆంగ్లదేశమున చిరకాలము వైద్యము చేసి, మెండిప్ కొండలమీద ఆరోగ్యాశ్రమము నడపిన ద్రావిడుడు. గణితవేత్త శ్రీనివాస రామానుజన్ గారు అచ్చట జబ్బుపడినపుడు వారి చికిత్సకు పోయినది ఈ ముత్తుగారి యాశ్రమమునకే. మావారు లెక్కల మేష్టరగుటచే ఈ సంగతి నాకు ప్రయాణమునకు ముందే రెండుమార్లు వినిపించిరి. క్షయకు మం దెఱుగని యా కాలమున మంచిగాలియు, ఎండయు, విశ్రాంతియు, పుష్టికరమైన యాహారమును మాత్రమే వైద్యము. 1937వ సంవత్సరమున ప్రభుత్వమువారు దీనిని తమ వశము చేసికొనిరి.

మన యమ్మమ్మల కాలమున క్షయ యనుమాట పైకి పలుకుటకు భయపడుచుండెడివారు. రాజయక్ష్మ యనియు, 'ఆ దగ్గు' అనియు చాటుగా చెప్పుకొనెడివారు. ఇంట నొకరికి వచ్చినచో ఆ యింటి పిల్లకు సంబంధము రాదు. రోగిని దొడ్డివైపు గదిలో నుంచి, కంచము వేఱు, చెంబు వేఱు చేయుదురు. క్షయ గాలివలన సోకునది గనుక ఆ భయమునకు కొంత యాధారము కలదు. కాని యా భయమునకును హద్దున్నదని తేల్చినది ఈ చెన్నపట్టణమే. 1956వ సంవత్సరమున ఇచ్చట ప్రారంభమైన క్షయచికిత్సా పరిశోధన కేంద్రమువారు రోగులను కొందఱిని ఆరోగ్యాశ్రమములందును, కొందఱిని వారి యిరుకు ఇండ్లయందును ఉంచి, ఉభయులకు ఒకే మందిచ్చి చూచిరి. ఇంటనున్నవారును ఆశ్రమమం దున్నవారివలెనే కోలుకొనిరి. మందు పుచ్చుకొనుచున్న రోగితో కలసి యున్నందున ఇంటివారికి ఎక్కువ కీడేమియు రాలేదు. 1959వ సంవత్సరమున ఈ ఫలితములు ప్రకటింపబడినపిమ్మట ప్రపంచమం దంతటను క్షయరోగులను ఇంటినుండి వెళ్ళగొట్టు వైద్యపద్ధతి క్రమముగా అంతరించెను. వైద్యపద్ధతి అంతరించినది, ఇంటి పద్ధతి అంతరించిన దనజాలను.

హెచ్.ఐ.వి. క్రిమి శరీరమున ప్రవేశించి రోగములను ఎదుర్కొను శక్తిని మెల్లమెల్లగా హరించును. ఆ శక్తి బొత్తిగా తగ్గినపుడు ఇతర వ్యాధులు పైబడు దశనే ఎయిడ్సు అందురు. మన దేశమున అట్లు ముందుగా పైబడునది తఱచు క్షయయే. కావుననే 1990 తరువాతి యేండ్లలో ఎచ్చటను చేర్చుకొనని ఎయిడ్సు రోగులు ఈ క్షయవైద్యశాల తలుపు తట్టిరి. ఇచ్చటివారు తెఱచిరి. తమిళనాటినుండియే గాక, మన నెల్లూరు చిత్తూరు జిల్లాలనుండియు జనులు రాసాగిరి. ఆ కాలమున మందులు కలవు గాని వాని వెల సామాన్యులకు అందునది కాదు. 2004వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ప్రభుత్వమువారు ఎనిమిది వైద్యశాలలలో ఉచితముగా మందు లిచ్చుట ప్రారంభించినపుడు అందు తాంబర మొకటి.

మేము పోయిన వేళకు ఏ.ఆర్.టి. కేంద్రపు బల్లలమీద స్త్రీలును పురుషులును బారులుతీరి కూర్చుండియుండిరి. నేను ఊహించినది మూలుగులును, ఎముకలగూడులును. కనబడినవారు మాత్రము రైలుపెట్టెలో మనతో కలసి వచ్చినవారివంటివారే. ఒక యువతి చంకలో బొద్దుబిడ్డ. ఒక పెద్దాయన చేతిలో దినపత్రిక. ఇరువురు స్త్రీలు నాటకపు వేళ దాటిపోవునని టి.వి. కథను గూర్చి వాదించుకొనుచుండిరి. మా వదినెను చూడగానే ఒకతె "అక్కా, కాలికేమైనది?" యని తెలుగున పలుకరించెను. ఆమెది గుంటూరుసీమ. వారిర్వురకు ఏడేండ్ల స్నేహము. కాని యొకరి యూరొకరికి తెలియదు, ఒకరి యింటి పేరొకరికి తెలియదు. అడుగుకొనరాదని నియమమట. ఇంత ముచ్చటగా మాటలాడుకొను స్నేహితురాండ్రు పెండ్లికి పిలుచుకొనజాలనిది మఱియొకచోట నేను చూడలేదు.

ఆ గుంటూరామె వలన విన్నదే ఇచ్చట కొంచెము విపులముగ వ్రాయుచున్నాను. ఏలయన నది మన వంటయింటి సంగతి. రెండవ కానుపునకు ఒక ప్రైవేటు నర్సింగుహోమున చేరినపుడు ఆమెకు రక్తపరీక్ష చేసిరి. ఫలితము ఆమెకు చెప్పుటకు ముందే వాకిట కూర్చున్న చుట్టములకు తెలిసిపోయెను. ఇల్లు చేరునప్పటికి ఆమె గ్లాసు వేఱైనది. స్టీలు గ్లాసునకు గుర్తుగా అడుగున ఎఱ్ఱరంగు పూసి, దొడ్డిగుమ్మము ప్రక్క మేకునకు తగిలించిరి. కంచమును అంతే. బట్టలారవేయు తీగ వేఱు. అత్తగారు దూరమునుండి పోయుచుండగా ఆమె కాఫీ త్రాగవలెను. మొదటిబిడ్డను తల్లిప్రక్క పరుండనీయలేదు. "ఆ మందులేని దినములలో, అమ్మా, నాకు జ్వరము బాధింపలేదు, ఆ గ్లాసు బాధించినది" అని చెప్పి యామె నవ్వెను. ఆ నవ్వు చూడలేక నేను గోడమీది బొమ్మలు చూచుచుంటిని.

మా వదినెకును గ్లాసు వేఱే. మేకు మాత్రము లేదు, కిటికీగూటిలో నుంచిరి. సోదరీమణులారా, ఈ గ్లాసునకు రంగు పూసినది ప్రభుత్వము కాదు, పురుషులును కారు. వంటయింటి పెత్తనము మనది. ఏ పాత్ర ఎవరికని నిర్ణయించునది మనమే. అందుచే పాత్రల విషయమున శాస్త్రమేమి చెప్పుచున్నదో మనము తెలిసికొనవలసినది. అచ్చటి కౌన్సిలరు తమిళయువతి. మన జిల్లాలవారితో మాటలాడి మాటలాడి తెలుగు నేర్చుకొనెనట. ఆమెను నేను అడిగినది చాల. ఓపికతో చెప్పినది అంతకంటె చాల.

ఈ క్రిమి శరీరము వెలుపల ఎక్కువసేపు బ్రదుకలేనిది. ఎంగిలివలన రాదు. ఒకే కంచమున భుజించినను, ఒకే చెంబుతో నీరు త్రాగినను రాదు. చేయి పట్టుకొనుటవలన, కౌగిలింతవలన, దగ్గువలన, తుమ్మువలన, దోమకాటువలన, మఱుగుదొడ్డివలన, చెఱువు స్నానమువలన రాదు. వచ్చు మార్గములు కొలదియే: జాగ్రత్త లేని స్త్రీపురుష సంయోగము, కలుషితరక్తము, ఒకరు వాడిన సూదిని మఱియొకరు వాడుట, చికిత్స లేని తల్లినుండి గర్భమునందో, ప్రసవవేళనో, స్తన్యమువలననో బిడ్డకు. ఇంతే. ఇందులో గ్లాసు ఎచ్చటను లేదు. రక్తము తగిలిన గాయమును కట్టునపుడు చేతులకు తొడుగులుండవలెను; అది ఏ రోగివిషయమునైన పాటింపవలసినదే.

తల్లులను గూర్చి యామె చెప్పినది మనవారందఱు వినదగినది. చికిత్స లేనిచో నూఱుమంది తల్లులలో పదునైదుమంది మొదలు నలుబదియైదుమంది వఱకు బిడ్డలకు ఈ వ్యాధి సంక్రమించును. సకాలమున మందు పుచ్చుకొనినచో అయిదుగురికంటె తక్కువ. అందుకే గర్భిణులకు మొదటి నెలలలోనే ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా పరీక్ష చేయుదురు. చంకలో బొద్దుబిడ్డను మోయుచున్న యా యువతి బిడ్డకు వ్యాధి లేదని తేలినదట. మా వదినె కుమారునకును లేదు. వాడిప్పుడు పాలిటెక్నికు చదువుచున్నాడు.

మఱియొక సంగతి. తొమ్మిది దేశములలో 1,763 జంటలమీద, దంపతులలో ఒకరికి వ్యాధియుండి మఱియొకరికి లేనివారిని గైకొని, ఒక పరిశోధన జరిగెను. అందు చెన్నపట్టణపు దంపతులును కలరు. వెంటనే మందు ప్రారంభించినవారివలన జతవారికి వ్యాధి సోకుట నూటికి తొంబదియాఱు వంతులు తగ్గెనని 2011వ సంవత్సరమున ప్రకటించిరి. విడువక మందు వాడి, రక్తమున క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గినవారివలన దాంపత్యమునందును ఇతరునకు సోకదని ఇప్పుడు వైద్యులు నిశ్చయముగా చెప్పుచున్నారు. ఇంతకును మా వదినె పుచ్చుకొనునది రోజున కొక్క మాత్ర. రాత్రి భోజనానంతరము, ఒక్క రోజైన మానరాదు. మధుమేహమునకు మన మామగారలు మ్రింగు మాత్రలు ఇంతకంటె ఎక్కువ.

ఇక నిందమాట. మా అన్నగారు, అనగా ఆమె పెనిమిటి, వ్యాపారార్థము ఊరూర తిరిగినవారు. చనిపోవునప్పటికి ముప్పది యెనిమిదేండ్లు. ఆయన పోయిన పదునొకండవనాడే అత్తింటివారు "ఈమె కాలు పెట్టినది, వాడు పోయినాడు" అనిరి. ఈమె గడప దాటి యెఱుగదు. అయినను నింద ఆమెకు, సానుభూతి ఆయనకు. ఇది మా యొక్క యింటి కథయే కాదని నాకు తెలిసినది. దక్షిణదేశమున వ్యాధిగ్రస్తలైన స్త్రీలను గూర్చి చెన్నపట్టణమున జరిగిన యొక పరిశీలన 2000వ సంవత్సరమున వెలువడినది. వారిలో నూటికి ఎనుబదికిపైగా భర్తను దప్ప అన్యు నెఱుగనివారట. సంసారపుస్త్రీకి ఈ వ్యాధి రాదను నమ్మకమున కిదియే సమాధానము. పాతివ్రత్యము కవచమని పురాణములు చెప్పినవి. ఈ క్రిమికి పురాణములు తెలియవు.

మారన మార్కండేయపురాణమును మా తండ్రిగారు నాకు పదునాల్గవ యేట చదివించిరి. కుష్ఠరోగియైన కౌశికుని, అతడు కోరినంతనే, వేశ్యయింటికి బుజములమీద మోసికొనిపోయిన సతి కథ అందు కలదు. ఆమె భర్తను దారిలో శపించినపు డామె సూర్యోదయమునే ఆపినది. ఆ కథను కన్నీళ్ళతో వినువారిని చాలమందిని చూచితిని. రోగియైన భార్యను భర్తగాని, భర్త బంధువులుగాని బుజములమీద మోసిన కథ ఏ పురాణమున నున్నదో చెప్పుడని నాటినుండి పండితుల నడుగుచున్నాను. మోయుటమాట యటుండనిండు. ఆ వైద్యశాలలో భార్యకు మందు తీసికొని పోవుటకై వచ్చిన భర్త నొకనిని చూచితిని. దినపత్రిక చదువుచుండిన యా పెద్దాయనయే అతడు. భార్య గుమాస్తాపనికి సెలవు దొరకలేదట. ఆయనకు వ్యాధి లేదు. ముప్పదియేండ్ల కాపురమట. ఆయనను గూర్చి పురాణ మెవరును వ్రాయరు గనుక నేను ఈ నాలుగు పంక్తులు వ్రాయుచున్నాను.

చట్టమును ఊరకుండలేదు. 2017వ సంవత్సరమున చేయబడి, 2018వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనికి వచ్చిన శాసనము కలదు. ఈ వ్యాధి కలదను కారణమున ఉద్యోగము తీయుట, బడిలో చేర్చుకొనకుండుట, వైద్యము నిరాకరించుట, ఇల్లద్దెకు ఇయ్యకుండుట నిషిద్ధము. సమ్మతి లేక పరీక్ష చేయరాదు; సమ్మతి లేక ఒకరి సంగతి మఱియొకరికి చెప్పరాదు. పదునెనిమిదేండ్లలోపు బిడ్డలను ఇంటనుండి త్రోసివేయరాదు. ఆ గుంటూరామె కానుపునాటికి ఈ శాసనము లేదు. 1097 అను సంఖ్యకు ఫోను చేసినచో పేరు చెప్పకయే, ధనము చెల్లింపకయే తెలుగున సందేహములు తీర్చుకొనవచ్చునని కౌన్సిలరు చెప్పగా వ్రాసికొనివచ్చితిని. 2023వ సంవత్సరపు లెక్కల ప్రకారము దేశమున ఈ వ్యాధితో జీవించుచున్నవారు రమారమి 25 లక్షలు. అందు మన ఆంధ్రప్రదేశమువారే మూడు లక్షలకు పైబడియున్నారు. అనగా మన మెఱిగినవారిలోనే ఉందురు. మనతో చెప్పలేదు, అంతే.

మందు తీసికొనుటకు ఒంటిగంటయైనది. చెట్టుక్రింద కూర్చుండి నేను తెచ్చిన పులిహోర విప్పితిని. ఆకు ఒక్కటియే తెచ్చితిని. ఇర్వురము అందే తింటిమి. గుంటూరామెయు వచ్చి కూర్చుండెను. మొదట చేయి పెట్టుటకు సందేహించెను. పిమ్మట ఆకలి సందేహమును గెలిచినది. పోపులో ఇంగువ ఎక్కువైనదని విమర్శించెను గూడ.

కౌన్సిలరు మా వదినెను మఱల లోపలికి పిలిచి, నెల్లూరి కేంద్రమునకు బదిలీ కాగిత మొకటి యిచ్చెను. కాలు బాగులేనిదానవు, ఇంతదూర మేల, అచ్చటనే తీసికొనుము, నీ సంగతి వారును రహస్యముగానే ఉంచుదురు అని బ్రతిమాలినది. మా వదినె కాగితము మడచి, సంచిలో తైలపుసీసాకు క్రిందుగా పెట్టుకొనెను. సాయంకాలపు బండిలో, తడ దాటినపిమ్మట, "వరుసలో నిలుచుండునపుడు నీవు నా ప్రక్క నుందువా?" యని యడిగెను. ఉందునంటిని. "మీ యాయన బడిపిల్లల తండ్రులు చూతురేమో?" యనెను. చూడనిమ్మంటిని. ఆమె మఱి మాటలాడలేదు. గూడూరు వచ్చువఱకు కిటికీలోనుండి చీకటి చూచుచుండెను.

ఆ కాగిత మింకను ఆమె పెట్టెలోనే యున్నది. ఆమె చేతనున్న మందు ఫాల్గునమాసము వఱకు వచ్చును.